చెంగు చుట్టిన చెయ్యి

కరీమున్ టీచరు ట్రైనింగంతా ఒక్క వాక్యం దగ్గరకొచ్చి ఆగిపోయింది. కిందటేడు ఫైనల్ లెసన్ చూడటానికి వచ్చిన ఎగ్జామినర్ ఆమె కాగితం మీద రాసిపోయిన వాక్యం అది: "విద్యార్థుల దగ్గరకు వెళ్ళలేదు." అంతే, ఫెయిలు. రాత పరీక్షలన్నీ పాసైన పిల్ల, రెండేళ్ళు మార్టూరు నుంచి బస్సులో నిలబడి వెళ్ళి చదివిన పిల్ల, భయంతో నల్లబల్ల పక్కనే బిగుసుకుపోయినందుకు ఆగిపోయింది.

ఫైనల్ లెసన్ అంటే తెలియని వాళ్ళకు చెప్పాలి. టీచరు కాబోయే మనిషి అసలైన బడిలో, అసలైన పిల్లలకు, ఎగ్జామినర్ వెనక కూర్చుని చూస్తుండగా పాఠం చెప్పాలి. ముందుగా పాఠ్యపథకం రాసుకోవాలి. అందులో లక్ష్యాలు, స్పష్టీకరణలు, ఉన్ముఖీకరణం అని గడులుంటాయి. ఉన్ముఖీకరణం అంటే పిల్లల మొహం పాఠం వైపు తిప్పడమట. ఒకటో తరగతి పిల్ల మొహం తిప్పడానికి అంత లావు మాట ఎందుకో దాన్ని పుట్టించిన వాళ్ళకే తెలియాలి. రికార్డులు, చార్టులు, వాటికి మూడు రంగుల గీతలు. ఈ చాకిరీకి కరీమున్ కళ్ళు లోతుకుపోయాయి.

ఫెయిలైన రోజున ట్రైనింగ్ కాలేజీలో తెలుగు చెప్పే వెంకటరావమ్మ మేడమ్ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. "చూడమ్మా, ఈసారి ఒక పిల్లను బల్ల దగ్గరకి పిలువు. చెయ్యి పట్టుకుని ఒక్క అక్షరం దిద్దించు. నువ్వు పిల్లల దగ్గరకెళ్ళావని ఆయన కళ్ళారా చూడాలి" అంది.

ఆ ఏడాదంతా కరీమున్ ఊళ్ళోని బడికి ఎవరూ పిలవకుండానే వెళ్ళి చేతులు పట్టుకుని దిద్దించింది. మొదట పిల్లల పిడికిలి గట్టిగా ఎదురు తిరుగుతుంది. నాలుగోసారికో అయిదోసారికో మెత్తబడి, తనంతట తనే అక్షరం వెంట నడుస్తుంది. ఆ నడక తన అరచేతిలో తెలిసినప్పుడల్లా ఆమెకు కడుపు నిండిపోయేది. ఎస్సీ కాలనీ నుంచి వచ్చే కోటేశ్వరికి మాత్రం 'ళ' ఎంతకీ లొంగలేదు. కరీమున్ ఫైనల్ లెసన్‌కు పట్టుబట్టి ఆ 'ళ'నే ఎంచుకుంది.

రెండువేల రెండు ఫిబ్రవరిలో లెసన్ తేదీ వచ్చింది. డీఎస్సీ నోటిఫికేషన్ వేసవిలోపు పడుతుందని అందరూ అంటున్నారు. సర్టిఫికెట్ చేతికొస్తే దరఖాస్తు పెట్టొచ్చు. ఈసారీ పోతే ఇక చదివించే ఓపిక ఇంట్లో లేదు. తండ్రి ఇమాం హుస్సేన్ గ్రానైట్ పాలిషింగ్‌లో రాతిదుమ్ము పీల్చి మంచాన పడ్డాడు. తల్లి జుబేదా మిరపకోతల ముఠాలో తిరిగి ఇల్లు ఈడుస్తోంది. ఆ జుబేదాకు, లెసన్ ఇక ఒక్కరోజు ఉందనగా, ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది.

పొద్దున్నే ముఠా పెద్ద బసవమ్మ గుమ్మంలో నిలబడింది. "మబ్బు పట్టింది. తడిస్తే కాయంతా తెల్లబడి తాలుగాయే. మనిషి తగ్గితే రైతు ఊరుకోడు, నేను ఇంకోదాన్ని పెట్టుకోవాల్సొస్తది. మళ్ళీ ఈ సీజనుకి మీ అమ్మని రమ్మనలేను. ఏం జేస్తావో నువ్వే చెప్పు" అంది.

"రేపు దాని పరీక్ష బసవమ్మా" అని లోపల్నుంచి జుబేదా మూలిగింది.

కరీమున్ ఇద్దరి వంకా చూసింది. ఒక్కరోజే కదా అనుకుంది. వేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకుని వెళ్ళింది. మధ్యాహ్నానికి అవి చెమటకు తడిసి, మంట గోళ్ళ సందుల్లోకి దిగింది. సాయంత్రం మజ్జిగలో చేతులు ముంచింది. కొబ్బరినూనె రాసింది, సబ్బుతో తోమింది. తెల్లారి లేచి చూపుడువేలు నాలిక్కి ఆనించుకుంటే ఇంకా చురుక్కుమంది.

ఊళ్ళోని ఆ బడిలోనే లెసన్. బాగా సాగింది. గొంతు వణకలేదు. తాళం బొమ్మ చూపిస్తే పిల్లలంతా "తాళం" అని ఒక్కటే కేక. వెనక కూర్చున్న ఎగ్జామినర్ తల కూడా ఊపాడు. కోటేశ్వరిని బల్ల దగ్గరకు పిలిచింది. పిల్ల 'ళ' మొదలుపెట్టి సగంలో చిక్కుపడి, సుద్దముక్క పట్టుకుని టీచరు వంక చూసింది. ఎగ్జామినర్ కలం తీశాడు.

కరీమున్ చెయ్యి చాచింది, చాచి ఆగిపోయింది. ఈ పిల్ల బల్ల దగ్గర్నుంచి వెళ్ళగానే కళ్ళు నలుపుకుంటుంది, రోజూ నలుపుకునేదే. ఆలోచించడానికి వ్యవధి లేదు. తెల్లచీర చెంగు చేతికి చుట్టుకుని, ఆ చేత్తో కోటేశ్వరి పిడికిలి పట్టుకుంది. కోటేశ్వరికి ఇదేమీ కొత్త కాదు. కోతల రోజుల్లో వాళ్ళమ్మ కూడా ఇలాగే పట్టుకుంటుంది. నాలుగోసారికి పిడికిలి మెత్తబడింది. బల్ల మీద 'ళ' నిండుగా నిలబడింది. కరీమున్‌కు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. పాసైపోయానని అనుకుంది, పిచ్చిది.

గంట తర్వాత వెంకటరావమ్మ మేడమ్ ఎర్రబడ్డ మొహంతో వచ్చింది. "ఆ పిల్ల ఎస్సీ అని రిజిస్టర్లో చూశాడట. దాన్ని ముట్టుకోవాల్సొచ్చి చేతికి చెంగు చుట్టుకున్నావట. ఇట్టాంటి మనిషి బళ్ళో అడుగు పెట్టకూడదని రాశాడాయన. అదేం బుద్ధి కరీమున్?"

కరీమున్ రెండు చేతులూ చాపి చూపించింది. "నిన్న కోతకెళ్ళానండీ. కారం చేతులు."

మేడమ్ ఒక్క క్షణం ఆ చేతుల్ని చూసి వీధిలోకి పరుగు తీసింది. జీపు వెళ్ళిపోయింది. మార్కుల కవరు అంటించి సీలు కూడా వేసేశారు. ఆ ఎగ్జామినర్ చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఆయన న్యాయమైన మనిషి, అంటరానితనం కనిపిస్తే సహించేవాడు కాదు. మిరపచేలో మాత్రం ఒక్కరోజూ నిలబడలేదు.

"నేను ఉత్తరం రాస్తానమ్మా. కాకపోతే మళ్ళీ ఏడాది..." అంది మేడమ్.

"మళ్ళీ ఏడాదికి నేను ముఠాలో ఉంటానండీ" అంది కరీమున్.

అంత దాకా కూడా ఆగక్కర్లేకపోయింది. తల్లి జ్వరం తగ్గలేదు, ఆదివారం కరీమున్ మళ్ళీ చేలో ఉంది. పక్క సాలులో కోటేశ్వరి వాళ్ళమ్మ కోస్తోంది. గట్టు మీద కూర్చున్న కోటేశ్వరి పుల్లతో మట్టిలో ఏదో గీసి పిలిచింది.

"టీచర్, సరిగ్గుందా?"

'ళ'. ఎక్కడా చిక్కు లేదు. ఆ చేలో ఆమెను టీచరని పిలిచింది ఒక్క కోటేశ్వరే. ఇక పిలిచేవాళ్ళు ఎవరూ ఉండరని కరీమున్‌కు ఆ క్షణంలో తెలిసింది. కళ్ళు నిండిపోయాయి. చెయ్యి దానంతటదే కంటి దాకా లేచింది.

"కళ్ళు నలపబాక టీచర్, మండుద్ది" అంటూ కోటేశ్వరి గట్టు దిగి పరుగెత్తుకొచ్చింది. "నేనింకా కాయ ముట్టుకోలా" అని రెండు చేతులూ చూపించింది. కరీమున్ సాలులోనే చతికిలబడి మొహం ముందుకు పెట్టింది. పిల్ల ఆమె చెంగు కొస అందుకుని, ఒక కన్ను తర్వాత ఒక కన్ను తుడిచింది.