గాలిలో ఆగిన బరువు

పోర్టులో మా క్రేన్ డ్రైవర్ బరువు పైకి లేపాక, ఒక్కోసారి మా నెత్తిమీద కాసేపు ఆపేవాడు. కింద కొక్కేలు తగిలించే ఖలాసీలం మేము. ఎంత జాగ్రత్త గల మనిషో అనుకునేవాళ్లం. కొత్తగా చేరినవాళ్లకు చూపించి, అలా ఉండాలని చెప్పేవాణ్ణి.

ఒకరోజు ఆయన క్రేన్ దిగుతూ తూలి పడితే ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరు వెల్లకిలా పడుకోబెట్టి తల ఒక పక్కకు తిప్పగానే ఆయన కనుగుడ్లు గిలగిలా కొట్టుకున్నాయి. లోపలి చెవిలో రేణువులు జారాయంటూ, తలను మెల్లగా రెండో పక్కకు తిప్పి లేపాడు. అంతే, కళ్లు తిరగడం ఆగిపోయింది.

"ఇంతేనా బావా! సెప్తే క్రేన్ దింపేత్తారని రెండేళ్లు దాసీసినాను," అని ఆయన ఏడ్చేశాడు.

"మరి పైనుండగా కళ్లు తిరిగితే ఏటి సేసీవోడివి?" అని అడిగాను.

"కళ్లు మూసుకుని, తగ్గీదాకా లోడు గాల్లోనే ఆపీసీవోణ్ణి."

కొత్తవాళ్లకు నేను చూపించిన జాగ్రత్త అదే.