కిమ్ మిల్లులో అన్న పరీక్ష

వరంగల్‌లో సాయంత్రం ఏడున్నరకు రైలెక్కాను. నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. నా చదువుకు ఫీజులు కట్టింది సూరత్‌లో మరమగ్గాలు నడిపే మా అన్న మల్లేశం. ఇరవై ఏళ్లలో ఒక్కసారీ ఆయన ఉండే చోటు చూడలేదు. "కొత్త మిల్లుల పరీక్ష ఉంది చెల్లె, జర భయమైతాంది" అని ఫోన్‌లో అనగానే టికెట్టు తీసుకున్నాను.

ఎదురు బెర్తులో సిరిసిల్ల ఆవిడ, కాపురం సూరత్‌లోనే. "మా ఆయన సచిన్ ఏరియాల రంగుల మిల్లుల పనిజేస్తడు, మరిది వజ్రాలు సానబడ్తడు. ఇద్దరు గంతే కష్టపడ్తరక్కా, పైసలే ఒక్కతీరుగ రావు" అంది.

మర్నాడు మధ్యాహ్నం రెండున్నరకు దిగాను. అన్న ఉండే గోడాదరా బస్తీకి షేర్ ఆటో ముప్పై రూపాయలు. వదిన జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మగ్గాల మోతకు అలవాటుపడిన అన్న ఇంట్లోనూ అరిచినట్టే మాట్లాడుతున్నాడు.

మర్నాడు పొద్దున ఆరింటికి, కొత్త మిల్లున్న కిమ్ ఊరికి బస్సు. మాతో సత్తయ్య కూడా వచ్చాడు. ఆయనా అన్నా ఒకే ఊరి నుంచి వచ్చి, పక్కపక్క మగ్గాల మీద ఒకే కూలికి పనిచేసినవాళ్లు. కొత్త మిల్లులో నీటి ధారతో నేసే మగ్గాలు. ఒక్కరే చాలా మగ్గాలు చూసుకోవాలి. మనుషులు తక్కువ, జీతం ఎక్కువ.

తెగిన పోగు వెతికి ముడివేయడమే పరీక్ష. అన్న చటుక్కున వేశాడు. సత్తయ్యకు పోగే కనిపించలేదు. చూపు తగ్గిందని ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. అన్నను రేపటి నుంచి రమ్మని, సత్తయ్యను వద్దన్నారు. అన్న అక్కడి నుంచి కదల్లేదు. సత్తయ్యకూ ఏదో ఒక పని ఇమ్మని సూపర్‌వైజర్‌ను హిందీలో బతిమాలాడు. చివరికి తానులు మడతపెట్టే పని ఇచ్చారు, సగం జీతానికి.

బయట చాయ్ బండి దగ్గర అన్న తల ఎత్తలేదు. "నిన్నటిదాక ఇద్దరం ఒక్కటే గద. గిదేం న్యాయం చెల్లె?"

పరిశ్రమలు మారితే ఆదాయాలు ఎలా విడిపోతాయో ఏటా బోర్డు మీద గీతలు గీసి చెబుతాను. అన్న ముందు ఆ గీతలేవీ పనికిరాలేదు. సత్తయ్యే ఆయన భుజం తట్టాడు. "పని దొరికింది గద తమ్మి. అద్దాలు పెట్టుకొని మల్ల నీ పక్కకే వస్త."

నాకు చేతనైంది అదొక్కటే. ఆ సాయంత్రమే ఆయన్ను కళ్లద్దాల షాపుకు తీసుకెళ్లాను.

రెండు రోజుల తర్వాత ఇద్దరూ నన్ను రైలెక్కించారు. "మిల్లు మమ్ముల ఎట్ల ఏరుజేసిందో మీ కాలేజి పిల్లలకు చెప్పు చెల్లె," అన్నాడు సత్తయ్య, "మల్లేశం నన్ను ఇడిసిపోలేదని గూడ చెప్పు."

నన్ను చదివించిన ఊరిని ఇన్నేళ్లకు చూశాను. అక్కడ కష్టం అందరిదీ ఒకటే. ఏ గేటులోంచి లోపలికి పోనిచ్చారన్నదాన్ని బట్టే బతుకు. గేటు దాటాక కూడా వెనక్కి తిరిగి చూసే మనిషి సంపాదనతో నేను చదువుకున్నాను.