టేపులో పడ్డ మాట

ఒక మాటను ఇన్నేళ్లుగా మింగలేక, కక్కలేక మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

రాక్ సంగీతమంటే నాకు పిచ్చి. ఎనభైల మొదట్లో విశాఖలో ఎక్కడ గిటార్ మోగినా నేనూ సన్యాసిరావూ అక్కడ ఉండాల్సిందే. వాడు పోర్టులో కళాసీ, నాకు చిన్ననాటి స్నేహితుడు. హార్బర్ దగ్గరి మైదానంలో బయటి ఊళ్ల బ్యాండ్లు వాయించేవి. మేం జనంలో కూర్చునేవాళ్లం కాదు. ఈలలూ అరుపులూ పడకుండా పాట రికార్డయ్యేది వెనక ప్రహరీగోడ మీదే. గోడకు అవతల లోతైన రాళ్ల కాలువ. టేప్ రికార్డర్ నా ఒళ్లో ఉండేది. ఎర్ర బటన్ నొక్కాక ఎవరూ నోరు విప్పకూడదు, దగ్గొచ్చినా బిగబట్టుకోవాలి. ఆ నియమం నేను పెట్టిందే.

ఆ సాయంత్రం సన్నగా జల్లు పడుతోంది. నేను నెలల తరబడి ఎదురుచూసిన పాట మొదలైంది. పక్క నుంచి వాడు మెల్లగా అన్నాడు.

"ఒరే, జారిపోతన్నాను. సెయ్యియ్యి."

నాకేం కలిగిందో తెలుసా? కోపం. టేపు పాడుచేశాడని. వాడి వైపు చూడకుండానే పెదవుల మీద వేలు పెట్టాను.

వాడు నా మాట విన్నాడు. మళ్లీ పిలవలేదు.

పాట అయ్యాక చూస్తే పక్కన ఎవరూ లేరు. జల్లు పడుతూనే ఉన్నా వాడు కూర్చున్న చోటు మాత్రం పొడిగా ఉంది. అదెలాగో నాకిప్పటికీ తెలియదు. టీకి వెళ్లాడనుకున్నాను. అనుకున్నానా, లేక గోడ వెనక్కి తొంగి చూడాల్సి వస్తుందని అలా సర్దిచెప్పుకున్నానా? ఇంటికొచ్చేశాను. తెల్లారి కాలువలో వాడి శవం దొరికింది.

వాళ్లమ్మ నన్ను కూర్చోబెట్టి అడిగింది.

"నా కొడుకు నిన్నేటైనా పిలిసేడా బాబూ?"

"లేదు పిన్నీ. నాకేటీ ఇనబడనేదు."

"కేకైనా ఎయ్యలేదంటే, ఆడే దూకీసేడన్నమాట."

స్టీల్ ప్లాంటులో పని దొరకలేదని వాడు కొన్నాళ్లుగా దిగులుగా ఉండేవాడు. అందరూ దానికీ దీనికీ ముడిపెట్టారు. నేను కాదనలేదు. ఆ రాత్రే టేపులో వాడి మాట చెరిపేశాను. కానీ పాట ఆ చోటికొచ్చేసరికి లోపల ఎవరో ఊపిరి బిగబట్టుకున్నట్టు ఉంటుంది.

తర్వాత కూడా కచేరీలకు వెళ్లాను, సిగ్గు లేకుండా. ఎంత జనమున్నా నా ఎడమ పక్క ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉండిపోతుంది. తోసుకుంటూ వచ్చినవాళ్లు కూడా అక్కడ నిలబడరు. పాటకూ పాటకూ మధ్య ఆ వైపు చెయ్యి చల్లబడుతుంది. జేబులో దాచుకుంటాను. నా మనసు నన్ను ఆడిస్తోందా? అలాగే అయితే బాగుండును.

కొడుకు తనను కాదనుకుని పోయాడని నమ్ముతూనే పిన్ని పోయింది. చెప్పడానికి ఎన్ని సాయంత్రాలు వాళ్ల గుమ్మం దాకా వెళ్లానో. ఆవిడకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. దీంతో ఏదీ తీరదు, కాస్త ఊపిరి ఆడుతుందేమో, అంతే.

సన్యాసిరావు దూకలేదు. బతకాలనే చెయ్యి అడిగాడు. నేను విన్నాను.