స్తంభం ఎక్కని బావ

మా బావ సముద్రాలు దాటిన మనిషి. ఆ సంగతి మీకు తెలియకపోతే రెండు నిమిషాలు ఆగండి, ఆయనే చెబుతాడు. అక్కా ఆయనా ఒక తెరచాప పడవ మీద నెలల తరబడి తిరుగుతారు. రెండు ప్రయాణాల మధ్య మా రేవుకొచ్చి, నా తాళ్ల దుకాణం పైగదిలో మూడు వారాలు దిగబడతారు. దుకాణం నాదే, గది నాదే, మంచం మాత్రం వాళ్ళది.

విశ్రాంతి అంటారు గానీ, ఆ విద్య వాళ్ళకు అబ్బలేదు. నడిసముద్రంలో ఒకరు నిద్రపోతే ఇంకొకరు కాపలా కాయాలి. ఒడ్డున మధ్యాహ్నం కునుకు తీసినా, బావ ఉన్నట్టుండి లేచి అక్కను కుదుపుతాడు. "లే, నీ వంతు." అక్క లేచి, కిటికీ దగ్గర కూర్చుని, వీధికి కాపలా కాస్తుంది. పదో నిమిషానికి తెలివొచ్చి తిట్లు మొదలుపెడుతుంది.

పడవ బయల్దేరే ముందు ఒక పని తప్పదు. నాలుగంతస్తుల ఎత్తున్న తెరచాప స్తంభం చివరికి వెళ్ళి, దాన్ని నిలబెట్టే ఇనుప తీగల బిగింపులు చూసి రావాలి. గుడ్డ కుర్చీలో బావ కూర్చుంటే, కింద అక్క చక్రం తిప్పి తాడుతో పైకి లాగుతుంది. ఇరవై ఏళ్లుగా అదే వాడుక. ఈసారి బావకు సోమవారం గాలి ఎక్కువైంది, మంగళవారం ఎండ ఎక్కువైంది, బుధవారం నా వంట అరగలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, గురువారం కుర్చీ కుట్లు బాగాలేవన్నాడు. ఆ కుర్చీ కుట్టింది నేను.

"బావా, నా కుట్లనంటే ఊరుకోను. నీలాంటివాళ్ళు ఇద్దరు కూర్చున్నా ఊడవు," అన్నాను.

"పోనీ, రేపు చూద్దాంలే," అన్నాడు టీ గ్లాసులోకి చూస్తూ. స్తంభం వైపు ఒక్కసారీ తలెత్తకపోవడం నేను చూశాను. చూసి నవ్వుకున్నాను కూడా. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

శుక్రవారం అక్క తనే వెళ్ళి కుర్చీలో కూర్చుంది. "లాగండి. మీకు తీరిక దొరికేలోపు పడవ తుప్పుపట్టిపోతుంది."

బావ చక్రం తిప్పాడు. అక్క పైకి చేరింది. ఫోన్ తీసి, ఒకే చోటును మళ్ళీ మళ్ళీ ఫొటో తీసింది. తిట్టకుండా పని చేయడం మా వంశంలోనే లేదు, ఏదో తేడా వచ్చిందని నాకప్పుడే తెలిసింది.

"దించండి," అంది చివరికి.

దిగి, ఫోన్లో తీసిన ఫొటో చూపించింది. ముందువైపు తీగను పట్టి ఉంచే పిన్ను సగం దాకా పగిలింది, పగులు నిండా తుప్పు. అది విరిగితే స్తంభం కూలినట్టే.

"ఇది ఇవాళ్టిది కాదు. పోయినసారి మీరు చూశారా?"

బావ అబద్ధమాడితే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది నాకు.

"నువ్వు పైదాకా లాగావు. నేను కళ్ళు మూసుకునే ఉన్నా. వంద దాకా లెక్కపెట్టి, దించమని అరిచాను," అన్నాడు. "రెండేళ్లుగా ఇంతే. పైకి వెళ్తే చచ్చేంత భయంగా ఉంటోంది."

"పోయినసారి నడిసముద్రంలో ముప్పై ఎనిమిది రోజులు," అంది అక్క. "మీరు మేలుకునే ఉన్నారు కదా అని, దీని కింద హాయిగా నిద్రపోయాను."

సముద్రాలు దాటిన మనిషి, రేవులో అందరి ముందూ, ముక్కు చీదుకుంటూ ఏడ్చాడు. అక్క ఓదార్చలేదు. నాకు ఇద్దరి మీదా జాలేసింది, ఎవరివైపు నిలబడాలో తెలియలేదు.

మర్నాడు కొత్త పిన్ను సంచిలో వేసుకుని అక్క మళ్ళీ కుర్చీ ఎక్కింది. ఈసారి తాడు నా చేతిలో పెట్టింది. బావ వైపు కన్నెత్తి చూడలేదు. నేను చక్రం తిప్పుతుంటే బావ నా వెనక చేరి, నా చెయ్యి జారినా తాడు ఆగేలా, మిగిలిన కొసను తన నడుముకు రెండు చుట్లు చుట్టుకుని, కాళ్ళు తన్నిపెట్టి నిలబడ్డాడు.

పైనుంచి అక్క కేకేసింది. "ఒరేయ్, నీ వెనక తాడు కొస ఎవరి దగ్గరుంది?"

"బావ దగ్గర. నడుముకు రెండు చుట్లు చుట్టుకున్నాడు."

పైన సుత్తి దెబ్బలు నాలుగు పడ్డాయి.

"రెండు చాలవు. మూడు వెయ్యమను."