బొంతలో తెల్ల ముక్కలు

2022 డిసెంబరు. ధనుర్మాసం వచ్చి పెళ్లిళ్లు ఆగాయి. గోదావరిఖనిలో మా ఫొటో స్టూడియోకు అప్పుడు వెబ్‌సైట్లకు ఫొటోలు సిద్ధం చేసే పనే ఆధారం. ఆ పని నాకెవరూ నేర్పలేదు. కెమెరా ఆరు వేల పిక్సెళ్ల వెడల్పుతో ఇచ్చే బొమ్మను పదహారు వందలకు దించితే ఏం పోతుంది, ఏం మిగులుతుంది అని లెక్కలు వేసుకుంటూ నేర్చుకున్నాను. పిక్సెల్ అంటే బొమ్మలో ఒక్క రంగు చుక్క.

కమాన్‌పూర్ నుంచి సరోజ ఒక బొంత పట్టుకొని వచ్చింది. వెంట భర్త మల్లయ్య, బొగ్గుబాయిలో, అంటే భూగర్భ గనిలో, పనిచేసి అంతకుముందు నెలే రిటైరైనవాడు. ఆమె పాత బట్టలతో బొంతలు కుడుతుంది. హైదరాబాదులో చేతిపనులు అమ్మే ఒక వెబ్‌సైటుకు ఫోనుతో తీసిన ఫొటో పంపితే, మాసినట్టుందని తిప్పి పంపారట. ఇంకొక్కసారి చూస్తామన్నారు. ఈసారీ కాదంటే ఆమె బొంతలకు అక్కడ చోటు లేదు.

ఫొటో తీసి వైట్ బ్యాలెన్స్ సరిచేశాను. బొమ్మలో తెల్లని చోటు ఏదో చూపిస్తే, దాన్ని బట్టి కంప్యూటరు మిగతా రంగులన్నీ సర్దుతుంది. బొంతలో తెల్ల ముక్కలు చాలానే ఉన్నాయి. ఒకదాని మీద నొక్కాను. అన్నీ మల్లెపూలైపోయాయి.

సరోజ తెరను చాలాసేపు చూసింది. "అన్నా, గిది నా బొంత కాదు."

"నీదే చెల్లె. ఇప్పుడే గద తీసిన."

"నా నీలిచీర ముక్క గిట్ల పచ్చగుంటదా? గవ్వి తెల్లగ ఎట్లయినయ్? ఈయిన డ్యూటీకి తొడుక్కున్న బనీన్లవి. ఎంత ఉతికినా బొగ్గు పోలే."

మల్లయ్య నవ్వాడు. "గీ అన్నను ముందే పట్టుకుంటె నీకు సబ్బులన్న మిగులుతుండె గదనే!"

"నువ్వూకో. తెల్లగ జేసి పంపితె, కొన్నోళ్లు విప్పి చూసి ఏమంటరు?"

మరునాడు పొద్దున్నే వాళ్లను రమ్మని, మా డాబా మీద తాడు కట్టి బొంత ఆరేశాను. మంచులో వీధి లేదు. రామగుండం వైపు పొగగొట్టాలు సగం దాకా ఉండి, ఆపైన ఆకాశమైపోయాయి. ఆ వెలుగుకు నీడల్లేవు. బొంత నిద్రపోతున్న మనిషి ఛాతీలా మెల్లగా కదులుతోంది.

"మొదటి షిఫ్టంటె గీ యాళ్లకు లోపలుంటుంటి," అన్నాడు మల్లయ్య. "పొద్దు గిట్లుంటదా!"

బొంత వెనక అస్తరు కొత్త తెల్లగుడ్డ. ఒక మూల మడిచి అది కనబడేట్టు పెట్టి తీశాను. వైట్ బ్యాలెన్స్‌కు దాన్నే చూపించాను. అసలు తెలుపు పక్కకు రాగానే బనీను ముక్కలు మాసినట్టు కాక, పావురం రెక్కల్లా తమ సొంత రంగులో నిలిచాయి. వెడల్పు తగ్గించాకే షార్పెన్ చేశాను, అంటే అంచులు తేల్చడం. ముందే చేస్తే తగ్గించడంలో అది కరిగిపోతుంది. ఒక్కొక్క కుట్టూ పైకి తేలింది.

ఈసారి వెబ్‌సైటువాళ్లు బొంతను తీసుకున్నారు. పేజీలో రంగు పేరు రాయమన్నారు. తెలుపా, బూడిదా అని నేను ఆగితే, సరోజ భర్త వైపు చూసింది.

"బొగ్గుబాయి తెలుపని రాయి అన్నా," అన్నాడు మల్లయ్య.

అట్లాగే రాశాను. ఇప్పుడు ఏ ఫొటోలోనైనా తెలుపును చూపించే ముందు, మౌసు మీద వేలు ఆపి, ఇది ఏ రంగని ఆ వస్తువు తెచ్చిన మనిషినే అడుగుతాను.