లింగమ్మ బగోనాకు చిల్లు

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. మా వీధి కుక్క మొరిగితే, నేను చెప్పేసరికి అది రామంతాపూర్ దాకా వినిపిస్తుంది. చిల్కానగర్‌లో మోకాటి లోతు నిలిచిన వాననీళ్లు నా నోట్లో పడ్డాక మెడ దాకా వస్తాయి. కాబట్టి ఇందులో కనిపించే ప్రతి కొలతలోంచీ సగం తీసేసి చదువుకోండి. ఒక్కదాంట్లో మాత్రం తీసెయ్యడానికేం లేదు. ఎనిమిదేళ్లుగా నా గుండెల మీద ఒక స్టీలు బగోనా బోర్లించి ఉంది. అరవై లీటర్ల వంటపాత్ర.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పబోతే ముందు నవ్విస్తాను. నవ్వించాక అసలు సంగతి గొంతు దిగిపోతుంది. ఇన్నేళ్లూ అదే జరిగింది.

నేను ఒక ప్రభుత్వ కార్ఖానాలో డ్రాయింగ్ సెక్షన్‌లో పని చేస్తాను. పాతికేళ్లుగా కాగితం మీద చిల్లులు గీస్తున్నాను. వెంట్రుకలో పదో వంతు తేడా వచ్చినా ఒప్పుకోనని పేరు. చేత్తో మాత్రం ఈ బగోనా దాకా ఒక్క చిల్లూ పొడవలేదు. కాలనీలో అందరూ ‘ఇంజనీర్ సారు’ అంటారు. ఇంజనీరును కానని ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. అదీ ఒక అబద్ధమే కానీ, దానికింకా వేరే కాగితం కావాలి.

ఎనిమిదేళ్ల కిందటి వేసవిలో ఫోన్లో ఒక గడ్డపాయన ఇంట్లోనే బీరు కాచుకోవడం చూశాను. బార్లీ గింజలు నానబెట్టి, ఉడికించి, చల్లార్చి, పులియబెట్టి, చివరికి కుళాయి తిప్పి గ్లాసులో పట్టుకున్నాడు. ఆ కుళాయి దగ్గర నా బుద్ధి జారింది. తాగుడు మీద నాకంత మోజు లేదు. ఒక పాత్రకు నేనే కుళాయి బిగించి, నేనే తిప్పి, నురగ చూడాలి. అంతే. మడ్డి కదలకుండా పైది దించుకోవాలంటే కుళాయి అడుగుకు నాలుగు వేళ్ల పైన ఉండాలి. దానికి ఇరవై రెండు మిల్లీమీటర్ల చిల్లు కావాలి. లోకంలో ఇంతకంటే చిన్న కోరిక ఉంటుందా?

పాత్ర ఏదీ? మా ఇంట్లో చెంచాతో సహా అన్నిటి మీదా మా ఆవిడ తన పేరు కొట్టించింది, నా మీద తప్ప. విషయం చెవిన పడగానే, “నా గిన్నెల జోలికొచ్చారంటే మీకే బిగిస్తాను కుళాయి” అంది. మాట మీద నిలబడే మనిషి.

అప్పుడు గుర్తొచ్చింది కాలనీ కమ్యూనిటీ హాలు స్టోరులోని బగోనా. వినాయక చవితి అన్నదానానికి తప్ప బయటికి రాదు. చిన్న ఏనుగుపిల్లను కూర్చోబెట్టి స్నానం చేయించవచ్చు. దాన్ని ఇచ్చింది యాదగిరన్న. ఇప్పుడు మా ఇళ్లున్న నేల ఒకప్పుడు వాళ్ల జొన్నచేను. వాళ్లమ్మ లింగమ్మ పోయిన ఏడు, ఆమె పేరు కొట్టించి కాలనీకి ఇచ్చాడు. పేరు కొట్టినవాడు బగోనా కదలకుండా బోర్లించి పెట్టుకుని కొట్టాడేమో, నిలబెడితే పేరు తలకిందులుగా, సరిగ్గా అడుగుకు నాలుగు వేళ్ల పైన వచ్చింది. అందరం నవ్వాం. మళ్లీ కొట్టిద్దామన్నా యాదగిరన్న ఒప్పుకోలేదు. “తోమి బోర్లేసినంక సక్కగనే కనవడ్తది గద” అన్నాడు. ఆయనకు ఏ పదవీ లేదు. స్టోరు తాళంచెవి మాత్రం ఆయన దగ్గరే. అన్నదానం అయ్యాక ప్రతి పాత్రా ఆయనే తోమేవాడు. ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు.

ఆ తాళంచెవి ఆయన ఇంటి గుమ్మం పక్కన మేకుకు వేలాడుతుండేది. ఆయన లేనప్పుడు తీశాను. దొంగతనం. అదీ రాశాను, చూడండి.

చిల్లు వేసి, పని కానిచ్చి, తర్వాత ఆ చోట ఒక బోల్టు, రెండు వాషర్లు బిగించేస్తే ఎవరికి తెలుస్తుంది? అదీ నా పథకం. నాచారంలో లేతు మిషను పెట్టుకున్న మొయిన్ భాయ్‌ని వెళ్లి అడిగాను, ఎవరికోసమో అడుగుతున్నట్టు. “గిన్నె తెండ్రి సాబ్, రెండు నిమిషాల పని” అన్నాడు. ఎలా తెస్తాను, ఇంకొకరి అమ్మ పేరున్న గిన్నెను? ఇంట్లోనే వేసుకుంటానన్నాను. నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. “స్టీలుతోని జిద్దు వెట్టుకోవద్దు సాబ్. ముందుగల్ల పంచు కొట్టి గుంట చెయ్యండ్రి, లేకుంటే బిట్టు జారుతది. మెల్లగ తిప్పండ్రి, గట్టిగ నొక్కండ్రి, నూనె పొయ్యండ్రి. ఉత్తగ రాస్తుంటే గట్టివడ్తది. ఒక్కసారి గట్టివడ్డదంటే ఇగ ఎవ్వని మాట వినదు.”

ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ వాళ్ల అక్క ఇంటికి వెళ్లింది. పెరట్లో బగోనా పడుకోబెట్టి, అటూ ఇటూ ఇటుకలు పెట్టి, అరువు తెచ్చిన డ్రిల్లు అందుకున్నాను. పంచు లేదు. డ్రిల్లు బిట్టు మొన ఆన్చి మీట నొక్కగానే అది స్టీలు మీద నాట్యం చేస్తూ నా బొటనవేలు దాకా వచ్చి ఆగింది. మళ్లీ పెట్టాను. మళ్లీ జారింది. పది గీతలు పడ్డాయి. సరే, మూడు. విసుగుతో చెమటతో కళ్లు మండుతున్నాయి. అప్పుడు కనిపించింది ఆ పేరు. పేరంటే ఏముంది, వరసగా చిన్న చిన్న గుంటలు. ఎవరో నాకోసం ముందే పంచు కొట్టి పెట్టినట్టు. బిట్టు మొనను ఒక గుంటలో పెట్టాను. అతికినట్టు కూర్చుంది.

చదవకుండా పెట్టానా? లేదు. చదివాను. లింగమ్మ అని పైకే చదివాను. మరి చెయ్యి ఎందుకు ఆగలేదు? ఆ క్షణంలో అది నాకు పేరులా కనిపించలేదు, జారకుండా పట్టు దొరికే చోటులా కనిపించింది. ఎన్నిసార్లు తవ్వుకున్నా నాకు దొరికే జవాబు ఇదొక్కటే, ఇది జవాబు కాదనీ తెలుసు.

తర్వాత జరిగింది యుద్ధం. మెల్లగా తిప్పమన్నాడు, నేను పూర్తి వేగంలో తిప్పాను. నూనె మర్చిపోయాను. బిట్టు పెట్టిన కేకకు ఉప్పల్ చౌరస్తాలో ట్రాఫిక్ ఆగిందేమో. పొగ వచ్చింది. బిట్టు మొన నీలంగా మారి మొద్దుబారింది. స్టీలు గట్టిపడింది. రెండోది పెట్టాను, అది విరిగింది. మూడోది పలచటి రేకును చీల్చుకుంటూ పోయింది. చిల్లు పడింది, గుండ్రంగా కాదు, మూడు మూలలతో, నా వంక వెక్కిరిస్తున్నట్టు. మొండి పట్టుదలతో ఉలి పెట్టి కొట్టాను, ఆకురాయి పెట్టి రాశాను. రాసిన కొద్దీ పెద్దదయింది. కాగితం మీద వెంట్రుకలో పదో వంతు లెక్క చూసేవాణ్ణి! పేరులో సగం పోయింది. కుళాయి బిగిస్తే వాషరు కూర్చోలేదు, నీళ్లు పోస్తే చుట్టూ కారాయి. ఒక్క చుక్క బీరు కూడా పుట్టలేదు. ఈ కథలో తాగినవాడు ఎవడూ లేడు.

బోల్టు పెట్టినా ఆగదని తేలిపోయింది. పైపులకు పూసే బంక ముద్ద లోపలా బయటా కూరి, పైన వెండి రంగు వేసి, స్టోరులో చిల్లున్న పక్క గోడవైపు తిప్పి బోర్లించి వచ్చాను. కొత్తది కొనిపెట్టాలని అనుకున్నాను. రేపు. ఎల్లుండి. వినాయకుడు రానే వచ్చాడు.

అన్నదానం రోజు వంట సత్తయ్య తొందరలో చూసుకోకుండా పప్పుచారు అందులోనే పెట్టాడు. మరిగేసరికి బంక వదిలేసింది. చారు ధార కట్టి ఎగిరి పొయ్యి ఆర్పేసి, పందిట్లో మూడో వరస దాకా తడిపింది. సత్తయ్య గావుకేకకు అందరూ చేరారు. మిగిలిన చారు పారబోసి బగోనాను పక్కకు పడుకోబెట్టారు. మూడు మూలల చిల్లు, చుట్టూ సగం తినేసిన లింగమ్మ పేరు. “ఇంజనీర్ సారును పిలవండి” అన్నారెవరో. నన్నే.

వంగి చూశాను. చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. కానీ చిల్లు ఎందుకని అడుగుతారు. బీరుకని చెప్పాలి. అన్నదానం బగోనాలో, దేవుడి ముందు, వందమంది విస్తళ్ల ముందు కూర్చున్నప్పుడు.

యాదగిరన్న వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. “ఏమైంది సారు? జర మంచిగ సూడుండ్రి.”

“పులుపు తినేసిందన్నా” అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! “చింతపండు మడ్డి సరిగ్గా పోకుండా బోర్లిస్తే, ఏడాదిలో స్టీలునైనా తింటుంది.”

“నేనే తోమిన గద సారు. బూడిదేసి రెండుమాట్ల తోమిన.”

“కంటికి కనిపించదది. పేరు కొట్టిన చోట రేకు పలచబడుతుంది. పులుపు ముందు అక్కడే పట్టుకుంటుంది.”

“మా అమ్మ పేరు కాడనేనా?”

“అక్కడే.”

ఆయన మిగిలిన అక్షరాల మీద బొటనవేలు రాశాడు. “అంటే, పేరు కొట్టియ్యకపోతే మంచిగుంటుండె అంటరా?”

అవునన్నట్టు తలూపాను. నోటితో కూడా కాదు.

కాలనీ వాళ్లు నా మాట నమ్మారు. యాదగిరన్న కూడా నమ్మాడు. పాత్రలు సరిగ్గా చూసుకోలేదని కాలనీ ప్రెసిడెంటు నలుగురిలో రెండు మాటలన్నాడు. ఆయన మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పి బల్ల మీద పెట్టాడు. చిల్లు బగోనాను ఆటోలో వేసుకుని ఇంటికి తీసుకుపోయాడు. మరుసటి ఏడు కొత్త బగోనా వచ్చింది, పేరు లేకుండా. కొట్టించొద్దని సలహా ఇచ్చింది ఇంజనీర్ సారే. ఆ తర్వాత అన్నదానంలో ఆయన గరిటె పట్టలేదు, పీచు పట్టలేదు. అందరిలాగే విస్తరి ముందు కూర్చుని, తిని, లేచి వెళ్లిపోయేవాడు. నాకు వడ్డించే పని. వంగి అన్నం పెడితే “చాలు సారు” అనేవాడు. రెండేళ్ల కిందట దమ్మాయిగూడలో కొత్త ఇంటికి మారిపోయాడు. చెప్పేద్దామని రెండుసార్లు వాళ్ల వీధి మలుపు దాకా వెళ్లాను. రెండుసార్లూ తిరిగొచ్చాను. నా మీద నాకు ఒళ్లు మండిపోతుంది. ఇంత నోరున్నవాణ్ణి, ఒక్క వాక్యం.

మీకు వదిలేసిన పని ఇప్పుడు నేనే చేస్తాను, పెంచినవి తీసేస్తాను. చారు ధార చిటికెన వేలంత. పొయ్యి ఆరలేదు, మూడో వరస తడవలేదు. ఏనుగుపిల్ల అందులో పట్టదు. ఇవన్నీ మీరు ఎలాగూ సగం చేసుకుని ఉంటారు.

పూర్తిగా కల్పించింది ఒకటుంది. తాళంచెవి నేను దొంగిలించలేదు. మా ఆవిడ తరఫువాళ్లకు భోజనాలున్నాయని యాదగిరన్నను అడిగాను. ఆయన బగోనాను మళ్లీ ఒకసారి తోమి, స్కూటరు వెనక కట్టుకుని, మా గేటు దాకా తెచ్చి, “మా అమ్మను తోల్కొచ్చిన సారు” అని నవ్వాడు. తిరిగి నేనే స్టోరులో పెడతానంటే తాళంచెవి కూడా నా చేతికిచ్చాడు. ఆ ఏడు అది గడప దాటింది మా ఇంటికొక్కదానికే. అన్నదానం రోజు నా తీర్పుకు ముందు ప్రెసిడెంటు ఆయన్ని అడిగాడు, నడుమ ఎవరికన్నా ఇచ్చావా అని. యాదగిరన్న నా వైపు చూశాడు. ఎక్కువసేపేం కాదు. “ఎవ్వలకియ్యలే” అన్నాడు. ఆ తర్వాతే వచ్చి నా పక్కన కూర్చుని, ఆ ప్రశ్నలన్నీ వేశాడు. ఒక్కొక్కటి వేసి నా నోటి వంక చూస్తూ ఆగాడు.

ఆయన నమ్మాడని రాశాను. ఆయనే తెచ్చి ఇచ్చాడని చెప్పుకోవడం కంటే దొంగనని చెప్పుకోవడం తేలికనిపించింది. ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని నాకు తెలుసు. ఇంకో మనిషికి చెప్పడం ఇదే మొదలు.