ఉక్కు పడవకి ఒక ఊరు

భిలాయి సెక్టర్ 6లో మా క్వార్టరు ఖాళీ చెయ్యడానికి ఇంకా ఇరవై రెండు రోజులు ఉందనగా మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. పోట్లాట కాదు. పోట్లాడి ఉంటే నాకు ఎంతో తేలికయ్యేది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఏ పోట్లాటలోనూ నేను నెగ్గలేదు, కానీ ఓడిపోయిన గంటకల్లా మళ్ళీ మామూలు మనుషులం అయిపోయేవాళ్ళం. ఈసారి అన్నం పెడుతోంది, టీ ఇస్తోంది, మాట మాత్రం లేదు. ఎందుకు లేదో నాకు బాగా తెలుసు. అది చెప్పాలంటే పడవ సంగతి చెప్పాలి.

నేను ఉక్కు ప్లాంటు కోక్ ఓవెన్‌లో పనిచేశాను. బొగ్గుని కాల్చే బట్టీల నెత్తి మీద, కాళ్ళు మాడకుండా చెక్క అడుగున్న చెప్పులు వేసుకుని తిరిగే పని. ముప్పై ఆరేళ్ళు తిరిగాక మనిషికి రెండు మిగులుతాయి: సగం పనిచేసే చెవులు, చప్పుడంటే అసహ్యం. మా నాన్న శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు పల్లె నుంచి వచ్చి ఇక్కడ ప్లాంటులో కూలీగా చేరాడు. క్యాంప్ 2 కూలీల బస్తీలో రేకుల ఇంట్లో నన్ను పెంచాడు. నాకు పదిహేనేళ్ళప్పుడు ఒక వేసవిలో మా పెదనాన్న దగ్గరికి పంపితే, ఆయన నన్ను పడవ ఎక్కించి తెరచాప తాడు చేతికిచ్చాడు. గాలి నిండిన గుడ్డ తప్ప ఇంకేమీ లేకుండా పడవ ముందుకు పోవడం అప్పుడే చూశాను. ఇంజను లేదు, సైరను లేదు, ఎవరూ అరవడం లేదు. ఆ పదిహేను రోజులే నా జన్మలో నేను పడవ నడిపింది. మిగతా నలభై ఐదేళ్ళూ దాన్ని తలుచుకుంటూ గడిపాను.

రిటైరయ్యాక సముద్రపొడ్డున ఉందామని పెళ్ళయిన కొత్తలోనే మా ఆవిడతో చెప్పాను. ఆవిడదీ ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన ప్రాణమే, పుట్టింటి నుంచి వచ్చిన మాట మాత్రం శ్రీకాకుళందే. నీళ్ళంటే భయం. అయినా, వెచ్చగా ఉండే ఊరైతే వస్తానంది. ఆవిడకి వేళ్ళ కీళ్ళు వాచే జబ్బు. భిలాయిలో డిసెంబరు వచ్చిందంటే జాకెట్టు హుక్కు పెట్టుకోలేదు, జడ అల్లుకోలేదు. చలి వెయ్యని ఊరు ఆవిడకి, గాలి ఉన్న ఊరు నాకు. అంతే మా ఒప్పందం. అందులో ఎవరికీ నష్టం కనపడలేదు.

ఊరు ఎంచడం నా పని. ఒక డిసెంబరు నెలంతా పొద్దున్నే లేచి, ఫోనులో చూసి, ఐదు సముద్రపు ఊళ్ళలో చలి ఎంత ఉందో పాత క్యాలెండరు వెనక రాసుకున్నాను. గాలి ఏ దిక్కు నుంచి ఎంత జోరుగా వీస్తోందో పక్కన రాశాను. దగ్గర్లో ఆసుపత్రి ఉందా, కూరల బజారు ఉందా, అన్నీ రాశాను. రేవు ఉందా లేదా అన్నది మాత్రం రాయలేదు. ఎందుకు రాస్తాను? సముద్రం ఉన్నచోట పడవ ఆగడానికి చోటుంటుందనే అనుకుంటాడు నాలాంటివాడు.

ఇక పడవ. భిలాయి మనిషి పడవ కడితే దేనితో కడతాడు? ఉక్కుతోనే కట్టాను. ప్లాంటులోంచి మోసుకొచ్చానని అనుకునేరు, ప్రతి రేకూ బజార్లో కొన్నదే. నాతో పాటు రిటైరవబోతున్న ఛత్తీస్‌గఢీ వెల్డరు మిత్రుడొకడు ఆదివారాలు వచ్చి అతికేవాడు. క్వార్టరు వెనక పెరట్లో రెండు జామచెట్లు కొట్టేసి, పదకొండు నెలలు కష్టపడ్డాం. కట్టడం అయ్యాక లీకులు ఉన్నాయేమో చూడాలి కదా. పడవని నీళ్ళలో దింపి చూడటం అందరూ చేసే పని. మేం పడవ లోపల నీళ్ళు పోసి చూశాం. రెండు రోజులు నిండుగా ఉంచినా బయటికి ఒక్క చుక్క రాలేదు. మా ట్యాంకులూ పైపులూ అలాగే పరీక్షించేవాళ్ళం, మా బుద్ధికి అదే తోచింది. వీధిలో వాళ్ళంతా నన్ను కెప్టెన్ సాబ్ అనడం మొదలుపెట్టారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. వాళ్ళు రిటైరయ్యి పార్కు బెంచీల మీద షుగరు లెక్కలు చెప్పుకుంటారు, నేను తెరచాప ఎత్తుతాను.

రిటైరవడానికి రెండు నెలల ముందు, జనవరిలో, ఇద్దరం రైలెక్కి ఊళ్ళు చూడటానికి వెళ్ళాం. నా జాబితాలో మొదటి ఊరు మా నాన్న పల్లెకి ఎంతో దూరం కాదు. అక్కడ సముద్రానికి నాలుగు అడుగుల దూరంలో ఒక ఇల్లు అద్దెకుంది. ఇంటావిడ వయసు మళ్ళిన మనిషి, పక్క వాటాలో ఒక్కతే ఉంటుంది. మా ఆవిడ మాట విని, మీది మా వేపే కదా అని సంబరపడి, రెండు గదులు వదిలి ఇచ్చి, నాలుగు రోజులు ఉండి చూసుకోమంది. తూర్పు వైపు అరుగు మీద పొద్దున్నుంచీ ఎండ. మా ఆవిడ అక్కడే కూర్చునేది. మూడో రోజు నన్ను పిలిచి, కుడిచెయ్యి ముందుకు చాపి, పిడికిలి బిగించి చూపించింది. చలికాలంలో ఆవిడ పిడికిలి బిగించడం నేను చూసి ఏళ్ళయింది.

"ఇల్లు ఇదే. ఇంక ఏ ఊరూ చూడొద్దు," అంది.

సరే అన్నాను. నిజంగానే సంతోషపడి అన్నాను.

మర్నాడు పొద్దున్న ఒడ్డుకి వెళ్ళాను. ఇరవైమంది ఒక ఫైబరు పడవ కింద దుంగలు దూర్చి, భుజాల మీదికెత్తుకుని, పాటలా ఏదో అంటూ కెరటాల్లోకి మోసుకుపోతున్నారు. పక్కన వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయనకి నా ఫోనులో మా పడవ బొమ్మ చూపించాను. ఆయన కళ్ళు చికిలించి చాలాసేపు చూశాడు.

"బాగున్నాది బాబూ. ఎంత బరువుంటాది?"

రెండు టన్నులు ఉండొచ్చన్నాను, గర్వంగానే.

"ఇక్కడ రేవు నేదు. పొద్దున్న మోసి దించాల, వచ్చినాక మోసి ఎక్కించాల. నేకపోతే కెరటం కొట్టీసి పట్టుకుపోతాది. మీకాడ ఎంతమంది ఉన్నారు?"

నేనూ, మా ఆవిడా అన్నాను.

ఆయన నవ్వి ఉంటే నాకు కోపం వచ్చేది, సరిపోయేది. నవ్వలేదు. ఓపిగ్గా చెప్పాడు. అక్కడ ఎవరి పడవకైనా అందరూ భుజం పెడతారట. నేను వాళ్ళ పడవలకి పెడితే వాళ్ళు నా దానికి పెడతారట. పరాయివాణ్ణయినా సరే, మా నాన్నది ఆ వైపే కాబట్టి ఎవరూ కాదనరట. కానీ ఇనప పడవ కింద భుజం పెట్టమని ఎవరినీ అడగలేమట. తేలికపాటి ఫైబరుది చూసుకుంటే తనే నాకు గాలి సంగతులు నేర్పుతానన్నాడు. ఇంతకంటే మంచి మాట ఆ వయసులో నాకెవరు చెబుతారు? ఆయనకి దణ్ణం పెట్టి ఒప్పుకోవాల్సింది. నాకేమో తల కొట్టేసినట్టయింది. ముప్పై ఆరేళ్ళు ఉక్కుతో బతికినవాడికి ప్లాస్టిక్ డొప్పలో కూర్చోమని చెప్తాడా అని ఉడికిపోయాను. ఆ ఉడుకులోనే మిగతాదంతా చేశాను.

భిలాయి తిరిగొచ్చిన పదిహేను రోజులకి, ప్లాంటు కాగితాల పని మీద రాయపూర్ వెళ్తున్నానని మా ఆవిడకి చెప్పి, దక్షిణాన హార్బరున్న పెద్ద ఊరికి వెళ్ళాను. అక్కడ జెట్టీ ఉంది, పడవని లారీ మీంచి నేరుగా నీళ్ళలోకి దింపే క్రేను ఉంది. క్రేను చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఇల్లు దొరికింది గానీ గోదాముల వెనక మూడో అంతస్తు. ఉత్తరం తప్ప ఏ వైపూ కిటికీ లేదు. గోడలు చెమ్మగా ఉన్నాయి. ఆ గదిలో నిలబడి మా ఆవిడ వేళ్ళు గుర్తుచేసుకున్నాను. గుర్తురాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చాయి, అయినా ఇల్లు ఖాయం చేసుకున్నాను.

ఇంటికొచ్చి చెప్పాను. "ఆ ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చేశారట."

చపాతీ ఒత్తుతున్న చెయ్యి ఆగింది. అవునా అంది. ఆ ముసలావిడ మాట ఇచ్చింది కదా అంది. ఏం చేస్తాం, నిజంగానే ఇచ్చేశారట అన్నాను. ఠీక్ హై అని మళ్ళీ చపాతీ ఒత్తింది. రాయపూర్‌లో ఉండగా ఆ కబురు తెలిసి, అట్నుంచి అటే హార్బరు ఊరికి పోయి మూడో అంతస్తులో ఇంకో ఇల్లు చూసి వచ్చానన్నాను. దాని గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. నేను చూసి వచ్చానంటే చాలు ఆవిడకి.

నేను రిటైరయ్యాను. సామాను సర్దడం మొదలైంది. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడ ఫోను మోగింది. వేళ్ళకి అన్నం ఉందని స్పీకరు పెట్టింది. ఆ ఇంటావిడ. సున్నం వేయిస్తున్నాను, ఏ రంగు కావాలమ్మా అని అడిగింది. పాలు పొంగించడానికి మంచిరోజు కూడా చూసిపెట్టానంది. మీ ఆయన ఫోను ఎత్తడం లేదు, వేరేవాళ్ళు అడుగుతున్నా మీ కోసమే ఆపాను అని కూడా అంది. మా ఆవిడ మళ్ళీ చెప్తాను పిన్నీ అని పెట్టేసింది. వెనక తలుపులోంచి పెరట్లోని పడవ కనిపిస్తోంది. దాని వైపు చూసింది, తర్వాత నా వైపు. నేను కంచంలోకి చూశాను.

చెయ్యి కడుక్కొచ్చి ఎదురుగా కూర్చుంది.

"పడవ కోసమని చెప్తే నాను వచ్చీదాన్ని కదా. మూడో అంతస్తయినా వచ్చీదాన్ని. ప్లాంటులో ఏటైనా అయిందంటే ఊరంతా ఏటేటో అనీవారు. మీరు ఫోను చేసి బాగున్నానంటే బస్, అదే చాలు, ఇంక ఎవరి మాటా వినీదాన్ని కాదు. ఇప్పుడు మీరేటి చెప్పినా నానేటి చెయ్యాల?"

ఆవిడ చివరిగా మాట్లాడింది అదే. ఆ ఇరవై రెండు రోజులు అక్కణ్ణుంచి మొదలు.

ఆ రోజుల్లో నేను పడ్డ యాతన బట్టీల మీద కూడా పడలేదు. బతిమాలాను. తప్పయిపోయిందన్నాను. ఆవిడ మందులు అడక్కుండానే తెచ్చిపెట్టాను. హార్బరు ఇల్లు వదులుకున్నాను. ఉత్త మాట అనుకుంటుందేమోనని ఆవిడ ఎదురుగానే ఫోను చేసి వదులుకున్నాను. ఆవిడ బట్టలు మడతపెడుతూ ఉండిపోయింది. భిలాయిలోనే నెహ్రూ నగర్‌లో ఉన్న చెల్లెలితో మాత్రం ఫోనులో మాట్లాడేది, మేడ మీద గది ఖాళీగా ఉందా అని. గది తనొక్కదానికా, ఇద్దరికా అని గోడ అవతల నిలబడి చెవులు రిక్కించాను. నా చెవులకి అంత చిన్న గొంతు అందలేదు.

ఇంకా ఎనిమిది రోజులుందనగా నాకు కొంచెం బుద్ధొచ్చింది. పడవ వద్దు, ఏ పడవా వద్దు, ఆ అరుగూ ఆ ఎండా ఉంటే చాలు, ఆవిణ్ణి అక్కడ కూర్చోబెడితే ఏదో ఒక రోజు మాట వస్తుంది అనుకున్నాను. పెరట్లోకి పోయి ఆ ఇంటావిడకి ఫోను చేశాను. ఆవిడ నొచ్చుకుంటూ చెప్పింది. మీ దగ్గర్నుంచి కబురు లేదు, ఎంతకాలం ఆపను బాబూ, మొన్న శుక్రవారం ఒక టీచరమ్మ వాళ్ళు చేరారు, పాలు కూడా పొంగించుకున్నారు అంది. పడవ అంచు పట్టుకుని నిలబడ్డాను.

లోపలికి వెళ్ళాను. ఆవిడ గిన్నెలు కాగితాల్లో చుడుతోంది.

"ఆ ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చేశారట," అన్నాను.

నోరు దాటాక తెలిసింది నేనేమన్నానో. అక్షరం తేడా లేదు. నిజంగా ఇచ్చేశారే అన్నాను, నిజంగానే అని ముందు కూడా అన్నానని అప్పుడు గుర్తొచ్చింది. నా ఫోను ఆవిడ ముందు పెట్టి, నువ్వే చేసి అడుగు, నీ ఇష్టం వచ్చినట్టు అడుగు అని ఏడ్చాను. అరవై ఏళ్ళ మనిషిని, వంటింట్లో గిన్నెల మధ్య నిలబడి ఏడ్చాను. ఆవిడ ఫోను ముట్టుకోలేదు. ఇంకో గిన్నె తీసుకుని కాగితం చుట్టింది.

క్వార్టరు అప్పగించే ముందు పెరడు ఖాళీ చెయ్యాలి కదా. పడవ గేటులోంచి పట్టదు. గోడ కొట్టడానికి ఒప్పుకోరు. క్రేనుతో గోడ దాటించినా తీసుకెళ్ళడానికి ఊరు లేదు. వెల్డరు మిత్రుడొచ్చి గ్యాసుతో నాలుగు ముక్కలు చేశాడు. నేను వీధిలోకి వచ్చి నిలబడ్డాను.

ఇప్పుడు నెహ్రూ నగర్‌లో మరదలి ఇంటి మేడ మీద గదిలో ఇద్దరం ఉంటున్నాం. రావద్దని ఆవిడ అనలేదు, రమ్మనీ అనలేదు, వెనకాలే వచ్చాను. ఈమధ్య మాట్లాడుతోంది కూడా. నీళ్ళు వచ్చాయి, కరెంటు పోయింది, కూరలేం తేవాలి, అలాంటివి. బయటివాళ్ళు చూస్తే ఏ తేడా కనపడదు.

నిన్న పొద్దున్న చలి బాగా ఉంది. మంచం మీద కూర్చుని కొత్త మందు సీసా మూత తియ్యడానికి తంటాలు పడుతోంది. వేళ్ళు వంగడం లేదు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ఇటివ్వు అని చెయ్యి చాచాను. ఆవిడ లేచి, సీసా కొంగులో పట్టుకుని, నా పక్కనుంచే నడిచి, మెట్టు మెట్టుకీ గోడ పట్టుకుంటూ కింద ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళింది. ఇరవై మెట్లు. చలికాలంలో ఆ మెట్లు దిగడం ఆవిడకి ఎంత నొప్పో నాకు తెలుసు.